గోల్ఫ్ స్కోరును చదవడం ఎలా: పార్ నుంచి హ్యాండిక్యాప్ దాకా

2021 ఆగస్టు 7, శనివారం తెల్లవారుజామున, గోల్ఫ్‌తో ఏమాత్రం పరిచయం లేని ఎన్నో భారతీయ కుటుంబాలు టీవీ ముందు కూర్చున్నాయి. టోక్యో ఒలింపిక్స్ మహిళల గోల్ఫ్ చివరి రౌండ్ నడుస్తోంది. బెంగళూరుకు చెందిన అదితి అశోక్ పతకం రేసులో ఉంది. తెర మీద ఆమె పేరు పక్కన మైనస్ గుర్తుతో ఒక అంకె, దానికి అవతల మరో అంకె కనిపిస్తున్నాయి. పరుగులు ఎక్కువ చేసినవారే గెలిచే క్రికెట్‌కు అలవాటుపడిన కంటికి, మైనస్ ఎంత పెరిగితే అంత మేలన్న లెక్క ఒక పట్టాన మింగుడుపడలేదు. చివరికి ఆమె మైనస్ 15తో నాలుగో స్థానంలో ఆగిపోయింది. స్వర్ణం గెలిచిన అమెరికా క్రీడాకారిణి నెల్లీ కోర్డా స్కోరు మైనస్ 17. రజతం కోసం ప్లేఆఫ్ (స్కోర్లు సమానమైతే తేల్చేందుకు ఆడే అదనపు ఆట) ఆడిన జపాన్ క్రీడాకారిణి మోనె ఇనామి, న్యూజిలాండ్ క్రీడాకారిణి లిడియా కో ఇద్దరూ మైనస్ 16. నాలుగు రోజుల ఆట ముగిశాక అదితికీ పతకానికీ మధ్య మిగిలిన దూరం ఒక్క స్ట్రోక్, అంటే బంతి మీద ఒక్క దెబ్బ.

ఆ మైనస్ 15ను విడదీస్తే సగం గోల్ఫ్ పదజాలం దానంతటదే తేటపడుతుంది. అదితి నాలుగు రౌండ్లను వరుసగా 67, 66, 68, 68 స్ట్రోకుల్లో పూర్తి చేసింది, మొత్తం 269. పోటీ జరిగిన కసుమిగసెకి కంట్రీ క్లబ్ కోర్సుకు ఒక రౌండ్ పార్ 71, అంటే నాలుగు రౌండ్లకు 284. ఒక నిపుణుడు 284 స్ట్రోకుల్లో ముగించాలని లెక్కగట్టిన ఆటను ఆమె 269లోనే ముగించింది కాబట్టి తేడా 15; దాన్నే వ్యాఖ్యాతలు ‘15 అండర్ పార్’ అంటారు, తెర మీద మైనస్ గుర్తు పెడతారు. పార్‌తో సరిసమానంగా ఉంటే ‘ఈవెన్’, ఎక్కువ స్ట్రోకులు పడితే ‘ఓవర్ పార్’, దానికి ప్లస్ గుర్తు. పక్కనుండే రెండో అంకె ఆ రోజు ఆ క్రీడాకారిణి ఎన్ని హోల్స్ పూర్తి చేసిందో చెబుతుంది. అందరూ ఒకే సమయంలో ఒకే చోట ఆడరు కాబట్టి, మొత్తం స్ట్రోకులను పోల్చి చూస్తే మధ్యలో ఎవరు ముందున్నారో తెలియదు. పార్‌తో తేడాను పోలిస్తే తెలుస్తుంది. మైనస్, ప్లస్ లెక్క ఎందుకు పుట్టిందంటే ఇందుకే.

గోల్ఫ్ మాటలు వందల్లో ఉన్నాయి, వాటిని అక్షరక్రమంలో బట్టీపట్టే ప్రయత్నం చేసినవారికి తలనొప్పి తప్ప మరేమీ మిగలదు. నా అభిప్రాయంలో ఒక్క ప్రశ్నను అలవాటు చేసుకుంటే చాలు: ఈ అంకె దేనితో పోల్చి చెప్పింది? కోర్సుతోనా, ఎదుటి ఆటగాడితోనా, ఆడేవారి సొంత స్థాయితోనా? బర్డీ, బోగీ మొదటి రకం. ‘త్రీ అండ్ టూ’ రెండో రకం. హ్యాండిక్యాప్ మూడో రకం. మిగిలిన మాటల్లో ఎక్కువ భాగం బంతి ఎక్కడ ఉందో, దాన్ని ఎలా కొట్టారో చెప్పేవి. వాటిని ఒక హోల్ ఆడుతూ తెలుసుకోవచ్చు.

ఒక హోల్ మీదుగా

‘హోల్’ అన్న మాటే మొదటి తికమక. బంతిని వేయాల్సిన 108 మిల్లీమీటర్ల వ్యాసం గల గుంత హోల్. అక్కడికి చేరేందుకు దాటాల్సిన వందల గజాల మైదానం మొత్తం కూడా హోలే. అలాంటివి 18 కలిస్తే ఒక కోర్సు, వాటన్నిటినీ ఒకసారి ఆడితే ఒక రౌండ్. ఈ 18 అన్న సంఖ్య స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ పెట్టిన ఆచారం. అక్కడి ఓల్డ్ కోర్సులో అంతకు ముందు సముద్రతీరం వెంబడి 11 హోల్స్ ఆడుతూ వెళ్లి, దాదాపు వాటినే ఆడుతూ తిరిగి వచ్చేవారు, మొత్తం 22. 1764లో మొదటి నాలుగు చిన్న హోల్స్‌ను రెండుగా కలిపేయడంతో పోయేటప్పుడు 9, వచ్చేటప్పుడు 9 అయ్యాయి. మొదటి తొమ్మిదిని ‘ఫ్రంట్ నైన్’, తర్వాతి తొమ్మిదిని ‘బ్యాక్ నైన్’ అంటున్నా, స్కోరు కార్డుల మీద ‘అవుట్’, ‘ఇన్’ అనే పాత మాటలే ఇప్పటికీ కనిపిస్తాయి. వాటిని చూసి ఆటగాడు అవుటయ్యాడని కంగారు పడనక్కర్లేదు.

అదే ఓల్డ్ కోర్సులోని 17వ హోల్‌ను ఉదాహరణగా తీసుకుందాం. ‘రోడ్ హోల్’ అని పేరు, 495 గజాల పొడవు, పార్ 4. మొదటి షాట్ కొట్టే చదునైన చోటు ‘టీ’. అక్కడ బంతిని కాస్త ఎత్తులో నిలబెట్టేందుకు నేలలో గుచ్చే చిన్న పుల్లను కూడా టీ అనే అంటారు. ఇక్కడి నుంచి కొట్టే బంతి కుడివైపున్న హోటల్‌ను ఆనుకుని ఉన్న షెడ్ల మీదుగా ఎగిరి, ఆటగాడికి కనిపించని చోట పడాలి. బంతి ఎక్కడ దిగుతుందో కంటికి ఆనని ఇలాంటి దెబ్బను ‘బ్లైండ్ షాట్’ అంటారు. మరీ కుడికి పోతే ‘అవుట్ ఆఫ్ బౌండ్స్’, అంటే కోర్సు హద్దు దాటినట్టు. సరిగ్గా పడితే బంతి ‘ఫెయిర్‌వే’లో ఉంటుంది, గడ్డిని పొట్టిగా కత్తిరించి ఉంచిన దారి అది. ఎడమకు జరిగితే ‘రఫ్’. అక్కడ పొడవుగా పెరిగిన గడ్డి, క్లబ్‌కూ (బంతిని కొట్టే కర్రనూ అలాగే అంటారు) బంతికీ మధ్య దూరి దెబ్బను చెడగొడుతుంది. ఒకే కోర్సులో అడుగు దూరంలో పడ్డ రెండు బంతులకు వేరు వేరు గతులు పట్టడానికి కారణం ఈ గడ్డి ఎత్తే. బంతి నేల మీద ఎలా కూర్చుందో చెప్పే మాట ‘లై’. ఆటగాళ్లు బంతి దగ్గరకు వెళ్లగానే మొదట చూసేది దాన్నే.

హోల్ చివర నున్నగా కత్తిరించిన గడ్డితో ఉండేది ‘గ్రీన్’. గుంత, దానిలో నిలబెట్టిన జెండా కర్ర ఉండేవి అక్కడే. ఆ కర్రను వాడుకలో ‘పిన్’ అంటారు. గ్రీన్ మీద బంతి ఎగరదు, దొర్లుతుంది. దొర్లించే దెబ్బ ‘పట్’, అందుకు వాడే క్లబ్ ‘పట్టర్’. రోడ్ హోల్ గ్రీన్‌కు ముందు ఎడమవైపున నిలువు గోడలతో లోతైన ఇసుక గొయ్యి ఉంది. ఇలాంటి ఇసుక గోతులను ‘బంకర్లు’ అంటారు. గ్రీన్‌కు వెనుక ఒక రోడ్డు, దాని అవతల రాతి గోడ. బంతి రోడ్డు మీద పడితే అక్కడి నుంచే కొట్టాలి, వెసులుబాటేమీ ఉండదు.

1978 ఓపెన్ చాంపియన్‌షిప్ (బ్రిటిష్ ఓపెన్) మూడో రౌండ్‌లో జపాన్ ఆటగాడు టామీ నకజిమ ఈ గ్రీన్ మీదికి రెండు షాట్లలోనే వచ్చాడు. అక్కడి నుంచి రెండు పట్‌లలో ముగిస్తే పార్. అతను కొట్టిన మొదటి పట్ వాలు వెంట దొర్లుకుంటూ గ్రీన్ దాటి బంకర్లో పడింది. మూడు స్ట్రోకులు అయ్యాయి. ఇసుకలోంచి బయటపడేందుకు నాలుగు స్ట్రోకులు, మొత్తం ఏడు. ఆపైన రెండు పట్‌లు, తొమ్మిది. నాలుగుతో ముగించాల్సిన చోట తొమ్మిది, అంటే ఆ ఒక్క హోల్‌లోనే 5 ఓవర్. ఇందులో పెనాల్టీ ఒక్కటీ లేదన్నది గమనించాలి. గోల్ఫ్‌లో బంతి మీదికి క్లబ్‌ను ఎత్తి, కొట్టాలనే ఉద్దేశంతో ఊపిన ప్రతిసారీ ఒక స్ట్రోక్. తగలకపోయినా స్ట్రోకే, బంతి నాలుగు అంగుళాలు కదిలినా స్ట్రోకే, మూడు వందల గజాలు పోయినా స్ట్రోకే.

పార్ ఎవరు పెట్టారు, బోగీ ఎందుకు దిగజారింది

పార్ అంటే సగటు ఆటగాడి స్కోరు అని చాలామంది అనుకుంటారు. నిజానికి వారాంతాల్లో ఆడే మామూలు ఆటగాడు పార్‌కు చాలా దూరంలో ఉంటాడు. అది నిపుణుడు పొరపాటు చేయకుండా ఆడితే వచ్చే స్కోరు. హోల్ పొడవును బట్టి గ్రీన్ మీదికి చేరేందుకు ఎన్ని షాట్లు పడతాయో చూసి, దానికి రెండు పట్‌లు కలుపుతారు. ఒకే షాట్‌లో చేరగలిగితే పార్ 3, రెండింటిలో అయితే పార్ 4, మూడింటిలో అయితే పార్ 5. సాధారణంగా ఒక కోర్సులో నాలుగు పార్ 3లు, పది పార్ 4లు, నాలుగు పార్ 5లు ఉంటాయి. కలిపితే 12, 40, 20, మొత్తం 72. టోక్యోలో అది 71. పార్‌లో రెండు పట్‌లు ముందే కలిపి ఉంటాయన్న సంగతి గుర్తుంటే, వ్యాఖ్యాతలు తరచూ వాడే ‘గ్రీన్ ఇన్ రెగ్యులేషన్’ అన్న మాట కూడా అర్థమవుతుంది: పార్‌లోంచి రెండు తీసేస్తే మిగిలే స్ట్రోకుల్లోపు బంతిని గ్రీన్ మీదికి చేర్చడం. నకజిమ ఆ రోజు రోడ్ హోల్‌లో ఆ పని చేశాడు. రికార్డుల్లో ఆ కాలమ్‌లో అతనికి మంచి మార్కే పడుతుంది.

పార్‌కు ఒకటి తక్కువైతే ‘బర్డీ’, రెండు తక్కువైతే ‘ఈగల్’, మూడు తక్కువైతే ‘ఆల్బట్రాస్’. పక్షి పెద్దదయ్యేకొద్దీ సంఘటన అరుదైనది. బర్డీ అన్న వాడుక 20వ శతాబ్దం తొలి రోజుల్లో అమెరికాలోని అట్లాంటిక్ సిటీ కంట్రీ క్లబ్‌లో మొదలైందని చెబుతారు. అద్భుతమైనదాన్ని ‘బర్డ్’ అని పిలవడం అప్పటి అమెరికా వీధి భాషలో మామూలు. ఆల్బట్రాస్‌ను అమెరికన్లు ఇప్పటికీ ‘డబుల్ ఈగల్’ అంటారు. ఆ మాట వినగానే నాలుగు తక్కువేమో అనిపిస్తుంది, కానీ మూడే. అమెరికా ఆటగాడు జీన్ సారజెన్, అమెరికాలో ఏటా జరిగే పెద్ద పోటీ మాస్టర్స్‌లో 1935లో 15వ హోల్‌ను, పార్ 5ను, రెండే స్ట్రోకుల్లో ముగించింది ఈ రకం. ఇక ‘హోల్ ఇన్ వన్’ అంటే టీ నుంచి కొట్టిన మొదటి షాటే గుంతలో పడడం. ఇది ఎక్కువగా పార్ 3ల మీద జరుగుతుంది కాబట్టి లెక్క ప్రకారం అది ఈగలే.

పార్‌కు ఒకటి ఎక్కువైతే ‘బోగీ’, రెండు ఎక్కువైతే ‘డబుల్ బోగీ’, మూడైతే ‘ట్రిపుల్’. బోగీ చరిత్ర మాత్రం వింతైనది. 1890 ప్రాంతంలో ఇంగ్లండ్‌లోని కవెంట్రీలో హ్యూ రోదరమ్ అనే ఆయన, ప్రతి హోల్‌కూ పొరపాటు లేకుండా ఆడితే పట్టే స్ట్రోకులను ముందే నిర్ణయించి, ఆటగాళ్లు ఆ స్కోరుతో పోటీ పడాలని ప్రతిపాదించాడు. అప్పట్లో జనం నోళ్లలో నానుతున్న ఒక పాటలోని, దొరకకుండా దాగే బూచివాడి పేరు ఆ కనిపించని ప్రత్యర్థికి అతికింది. ఈ పేరు పెట్టడంలో గ్రేట్ యార్మత్ క్లబ్ కార్యదర్శి డాక్టర్ థామస్ బ్రౌన్ పాత్ర ఉంది. గాస్‌పోర్ట్‌లోని సైనికాధికారుల క్లబ్ ఆ బూచికి ఏకంగా కర్నల్ హోదా ఇచ్చింది. అంటే తొలి రోజుల్లో బోగీ సాధించదగిన ఆదర్శం. పార్ అన్న మాటా అప్పటికే వాడుకలో ఉంది. తర్వాత 1911లో అమెరికా గోల్ఫ్ సంఘం హోల్ పొడవులను బట్టి పార్‌కు కొలతలు నిర్ణయించింది. క్లబ్బులూ బంతులూ మెరుగై నిపుణుల స్కోర్లు తగ్గుతూ వచ్చేసరికి పార్ వారి కొలమానంగా బిగుసుకుంది. క్లబ్బుల్లో ఎవరూ మార్చని పాత బోగీ అంకెలు చాలా హోల్స్‌లో పార్ కంటే ఒకటి ఎక్కువగా మిగిలిపోయాయి. ఒకనాటి ఆదర్శం అలా వైఫల్యానికి పేరైంది. పాత పత్రికల్లో ఎవరైనా ‘బోగీని ఓడించాడు’ అని గర్వంగా రాస్తే, అది ఇప్పటి బోగీ కాదని గుర్తుంచుకోవాలి.

దెబ్బల పేర్లు

క్లబ్బుల సంగతి త్వరగా చెప్పుకోవచ్చు. ఒక రౌండ్‌లో ఒకరు 14కు మించి క్లబ్బులు వెంట ఉంచుకోకూడదు. టీ నుంచి దూరం కొట్టేందుకు ‘డ్రైవర్’; ‘వుడ్స్’ పేరులో చెక్క ఉన్నా ఇప్పుడవి లోహంతో చేసినవే; మధ్య దూరాలకు ‘ఐరన్స్’; దగ్గరి నుంచి, ఇసుకలోంచి ఎత్తి కొట్టేందుకు ‘వెడ్జ్‌లు’. క్లబ్ ముఖం వెనక్కి ఎంత వాలి ఉందో చెప్పేది ‘లాఫ్ట్’. ఐరన్ మీది అంకె పెరిగేకొద్దీ లాఫ్ట్ పెరుగుతుంది, బంతి ఎక్కువ ఎత్తు లేచి తక్కువ దూరం పోతుంది. కాబట్టి 9 ఐరన్ కంటే 5 ఐరన్‌తోనే దూరం ఎక్కువ. ఏ దెబ్బకు ఏ క్లబ్ అన్న విషయంలో సంచి మోసే ‘కేడీ’ సలహా ఇవ్వవచ్చు. ఎదుటి ఆటగాడిని అడిగితే మాత్రం పెనాల్టీ పడుతుంది.

బంతి వంపు తిరిగే తీరుకు నాలుగు పేర్లున్నాయి. కుడిచేతి వాటం వారికి బంతి కుడి నుంచి ఎడమకు కొద్దిగా వంగితే ‘డ్రా’, విపరీతంగా వంగితే ‘హుక్’. ఎడమ నుంచి కుడికి కొద్దిగా వంగితే ‘ఫేడ్’, విపరీతంగా వంగితే ‘స్లైస్’. ఎడమచేతి వాటం వారికి దిక్కులు తారుమారవుతాయి. కారణం ఒక్కటే: బంతిని తాకే క్షణంలో క్లబ్ కదులుతున్న దారికీ, క్లబ్ ముఖం చూస్తున్న వైపుకూ మధ్య కోణం. బంతి దాదాపుగా ముఖం చూస్తున్న వైపు బయలుదేరుతుంది. దారికీ ముఖానికీ తేడా ఉంటే దాని తిరుగుడు ఒక పక్కకు ఒరిగి, గాలిలో వంపు తీసుకుంటుంది. కొత్తగా నేర్చుకునే వారిలో ఎక్కువమందిని పీడించేది స్లైస్. బంతి కుడికి పోతోంది కదా అని క్లబ్‌ను ఇంకా ఎడమకు ఊపితే ఆ కోణం పెరిగి స్లైస్ మరింత ముదురుతుంది. అలా దారితప్పిన బంతి ఎవరి మీదికైనా పోతుంటే గొంతెత్తి ‘ఫోర్’ అని అరవాలి. అది నాలుగు పరుగుల ఫోర్ కాదు, తల కాచుకోమన్న హెచ్చరిక.

గ్రీన్ దగ్గర బంతి ఎక్కువ దొర్లేలా తక్కువ ఎత్తులో కొట్టేది ‘చిప్’, ఎక్కువ ఎగిరి తక్కువ దొర్లేలా కొట్టేది ‘పిచ్’. గ్రీన్ బయటి నుంచి ఒక షాట్, ఒక పట్‌తో ముగిస్తే ‘అప్ అండ్ డౌన్’. షాట్‌తో పాటు పెళ్లగిలిపోయే గడ్డి తునక ‘డివట్’. దాన్ని తిరిగి సర్దడం మర్యాద.

పెనాల్టీ ఎప్పుడు పడుతుంది

స్కోరును తలకిందులు చేసేవి ఈ మాటలే. తెల్ల గుంజలు అవుట్ ఆఫ్ బౌండ్స్‌కు గుర్తు. ఎరుపు, పసుపు గుంజలు ‘పెనాల్టీ ఏరియా’కు గుర్తు. ఎక్కువగా చెరువులు, వాగులు ఉన్న చోటును పెనాల్టీ ఏరియా అంటారు. పాత పుస్తకాల్లోని ‘వాటర్ హజార్డ్’ స్థానంలో 2019లో వచ్చిన పేరిది. పెనాల్టీ ఏరియాలోంచి బంతిని ఉన్నచోటు నుంచి కొట్టగలిగితే కొట్టవచ్చు. లేదంటే ఒక స్ట్రోక్ కలుపుకుని, నిబంధన చెప్పిన చోట బంతిని మోకాలి ఎత్తు నుంచి జారవిడిచి ఆట కొనసాగించవచ్చు. దాన్నే ‘డ్రాప్’ అంటారు. హద్దు దాటినా, మూడు నిమిషాల్లో బంతి దొరకకపోయినా శిక్ష ఇంకా కఠినం. ఒక స్ట్రోక్ కలపడంతో పాటు మళ్లీ వెనక్కి, ముందు కొట్టిన చోటికే వెళ్లాలి. టీ నుంచి కొట్టిన మొదటి షాట్ హద్దు దాటితే, తిరిగి టీ దగ్గర నిలబడి కొట్టేది మూడో స్ట్రోక్ అవుతుంది. దాన్ని ‘స్ట్రోక్ అండ్ డిస్టెన్స్’ అంటారు. బంతి దొరకదేమోనన్న అనుమానం ఉంటే ముందుకు నడవక ముందే, చెప్పి మరీ ఇంకో బంతి కొట్టి ఉంచుకోవచ్చు. అది ‘ప్రొవిజనల్ బాల్’. వెనక్కి నడక తప్పించే సదుపాయమే తప్ప అది ఉచితంగా దొరికే రెండో అవకాశం కాదు. ఉచిత అవకాశాన్ని స్నేహితుల మధ్య ‘మలిగన్’ అంటారు. నియమావళిలో ఆ మాటకు చోటు లేదు.

బంకర్లో పడితే పెనాల్టీ ఏమీ లేదు, కానీ షాట్‌కు ముందు క్లబ్‌తో ఇసుకను పరీక్షించకూడదు, బంతి వెనుక ఆనించకూడదు, క్లబ్‌ను వెనక్కి తీసేటప్పుడు ఇసుకను తాకించకూడదు. హైదరాబాద్ మూలాలున్న తెలుగు కుటుంబంలో కాలిఫోర్నియాలో పుట్టి, 2023లో నాపాలో ఫోర్టినెట్ చాంపియన్‌షిప్‌తో తన తొలి పీజీఏ టూర్ (అమెరికా ప్రొఫెషనల్ పోటీల పరంపర) టైటిల్ గెలిచిన సాహిత్ తీగలకు 2024 టూర్ చాంపియన్‌షిప్ మూడో రౌండ్‌లో సరిగ్గా ఇదే ఎదురైంది. బంకర్లోంచి కొడుతూ క్లబ్‌ను వెనక్కి తీసినప్పుడు ఇసుక రేణువులు కొన్ని కదిలినట్టు అతనికి అనిపించింది. అధికారులను అతనే పిలిచి సంగతి చెప్పాడు. రెండు స్ట్రోకుల పెనాల్టీ పడింది. గోల్ఫ్‌లో ప్రతి బంతి వెంట అంపైర్ ఉండడు, ఆటగాడు తన మీద తానే ఫిర్యాదు చేసుకోవాల్సిన ఆట ఇది. 2010 పీజీఏ చాంపియన్‌షిప్‌లో అమెరికా ఆటగాడు డస్టిన్ జాన్సన్‌ది మరో రకం కథ. చివరి హోల్‌లో ప్రేక్షకులు తొక్కి పాడుచేసిన ఇసుక నేల మీద, అది బంకర్ అని తెలియక బంతి వెనుక క్లబ్ ఆనించాడు. అక్కడా రెండు స్ట్రోకులు; ప్లేఆఫ్‌లో చోటు పోయింది. ఏది బంకర్ అన్న నిర్వచనం తెలియకపోవడం ఎంత ఖరీదైనదో చెప్పేందుకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తట్టదు.

ఎదుటివారితో పోలిక

ఇంతవరకు చెప్పుకున్నది ‘స్ట్రోక్ ప్లే’. మొత్తం స్ట్రోకులు తక్కువైనవారు విజేత. నాలుగు రోజుల పోటీల్లో రెండు రౌండ్లు అయ్యాక ఒక స్థానం దాకా ఉన్నవారినే ఉంచి మిగతావారిని ఇంటికి పంపిస్తారు, దాన్నే ‘కట్’ అంటారు. ‘మ్యాచ్ ప్లే’ పద్ధతి వేరు. ఇద్దరు ఒక్కో హోల్‌ను విడివిడిగా గెలుస్తారు. ఒక హోల్‌లో ఒకరు 4, మరొకరు 9 కొట్టినా తేడా ఒక్క హోలే. రెండు హోల్స్ ముందుంటే ‘టూ అప్’. మిగిలిన హోల్స్ కంటే ఆధిక్యం ఎక్కువైన క్షణంలో ఆట ముగుస్తుంది. ‘త్రీ అండ్ టూ’తో గెలిచాడంటే, ఇంకా రెండు హోల్స్ ఆడాల్సి ఉండగా మూడు హోల్స్ ముందున్నాడని. ఆధిక్యం, మిగిలిన హోల్స్ సమానమైతే ఆ స్థితి ‘డార్మీ’. 18 హోల్స్ ముగిసేలోపు ముందున్నవాడు ఇక ఓడిపోయే అవకాశం లేదు.

గుంతకు దగ్గరగా ఉన్న బంతిని ‘పడినట్టే’ అని ఎదుటివారు వదిలేయడం ‘గిమ్మీ’. ఇది మ్యాచ్ ప్లేలోనే చెల్లుతుంది. స్ట్రోక్ ప్లేలో ప్రతి బంతీ గుంతలో పడాల్సిందే. 1969లో ఇంగ్లండ్‌లోని రాయల్ బర్క్‌డేల్‌లో అమెరికా, బ్రిటన్ జట్ల మధ్య జరిగిన రైడర్ కప్ చివరి మ్యాచ్ చివరి గ్రీన్ మీద, బ్రిటన్ ఆటగాడు టోనీ జాక్లిన్‌కు మిగిలిన రెండు మూడు అడుగుల పట్‌ను అమెరికా ఆటగాడు జాక్ నిక్లాస్ వదిలేయడంతో మొత్తం పోటీ 16-16తో సమానంగా ముగిసింది.

సొంత స్థాయితో పోలిక

ఆటగాడి స్థాయిని బట్టి అతని స్కోరులోంచి తగ్గించే స్ట్రోకుల లెక్క హ్యాండిక్యాప్. దీని దగ్గర చాలామంది చేతులెత్తేస్తారు. గోల్కొండ నయా ఖిల్లాలోని హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్‌లో కానీ, విశాఖలోని ఈస్ట్ పాయింట్‌లో కానీ, వేరు వేరు స్థాయిల వారు కలిసి పోటీపడగలగడం దీని పుణ్యమే. 2020లో అమల్లోకి వచ్చిన ప్రపంచ హ్యాండిక్యాప్ వ్యవస్థ ప్రకారం, ఆటగాడి చివరి 20 రౌండ్లలో ఉత్తమమైన 8 రౌండ్ల సగటు నుంచి ‘హ్యాండిక్యాప్ ఇండెక్స్’ వస్తుంది. దాని గరిష్ఠ పరిమితి 54. అన్ని రౌండ్ల సగటు కాదు కాబట్టి అది మన మామూలు ఆటను చెప్పదు, మనం బాగా ఆడిన రోజు ఎలా ఆడతామో చెబుతుంది. ‘నా హ్యాండిక్యాప్‌కు తగ్గట్టు ఎప్పుడూ ఆడలేకపోతున్నాను’ అని వాపోయేవారు ఈ ఒక్క సంగతి గమనిస్తే బెంగ తీరుతుంది.

ఇండెక్స్‌ను ఆడబోయే కోర్సుకు తగ్గట్టు మార్చుకోవాలి. అందుకు రెండు అంకెలు కావాలి. ‘కోర్స్ రేటింగ్’ అంటే హ్యాండిక్యాప్ సున్నా గల ఆటగాడికి, అంటే ‘స్క్రాచ్’ ఆటగాడికి, అక్కడ రావాల్సిన స్కోరు. ‘స్లోప్ రేటింగ్’ అంటే స్క్రాచ్ ఆటగాడితో పోలిస్తే సాధారణ ఆటగాడికి ఆ కోర్సు ఇంకెంత కష్టమో చెప్పే అంకె. అది 55 నుంచి 155 దాకా ఉంటుంది, 113 ప్రామాణికం. ఇండెక్స్‌ను స్లోప్‌తో హెచ్చించి, 113తో భాగించి, కోర్స్ రేటింగ్‌కూ పార్‌కూ తేడా కలిపితే ‘కోర్స్ హ్యాండిక్యాప్’. ఊహకు ఒక కోర్సు తీసుకుందాం: పార్ 72, కోర్స్ రేటింగ్ 71.5, స్లోప్ 125. ఇండెక్స్ 14.2 ఉన్నవారికి 15.7 వస్తుంది, అందులోంచి అర తీసేస్తే 15.2, అంటే 15. ఇండెక్స్ 3 ఉన్నవారికి అదే లెక్కన 3. మొదటివారు 90, రెండోవారు 80 కొట్టారనుకుందాం. ఇవి ‘గ్రాస్’ స్కోర్లు. హ్యాండిక్యాప్ తీసేస్తే ‘నెట్’ 75, 77. పది స్ట్రోకులు ఎక్కువ కొట్టినవారే రెండు స్ట్రోకుల తేడాతో గెలిచారు.

ఇక్కడ గుర్తులు మళ్లీ తిరగబడతాయి. స్క్రాచ్ కంటే మెరుగైన ఆటగాడి హ్యాండిక్యాప్‌ను ‘ప్లస్ 2’ అని రాస్తారు. అతను తన స్కోరుకు రెండు కలుపుకోవాలి. స్కోరు బోర్డు మీద ప్లస్ 2 అంటే వెనుకబడినట్టు, హ్యాండిక్యాప్‌లో ప్లస్ 2 అంటే మేటి ఆటగాడు. పోల్చేది కోర్సుతోనా, సొంత స్థాయితోనా అన్నది తెలియకపోతే ఈ రెండింటిలో ఒకటి తప్పకుండా తప్పుగా చదువుతాం.

చివరికి ఇవన్నీ చేరేది చేతిలో ఉండే స్కోరు కార్డుకే. స్ట్రోక్ ప్లేలో ఆటగాడి కార్డును రాసేది ‘మార్కర్’, మామూలుగా కలిసి ఆడుతున్న మరో ఆటగాడే. సరిచూసి సంతకం చేసే బాధ్యత మాత్రం ఎవరిది వారిదే. 1968 మాస్టర్స్ చివరి రోజున అర్జెంటీనా ఆటగాడు రొబెర్టో డి విసెంజో 17వ హోల్‌లో బర్డీ సాధించి 3తో ముగించాడు. మార్కర్‌గా ఉన్న టామీ ఆరన్ కార్డులో 4 అని రాశాడు. డి విసెంజో చూసుకోకుండా సంతకం పెట్టాడు. కొట్టింది 65, కార్డు ప్రకారం 66. నిజమైన స్కోరుతో అతను అమెరికా ఆటగాడు బాబ్ గోల్బీతో సమానంగా 277 వద్ద నిలిచి ప్లేఆఫ్ ఆడాల్సింది. 278తో రెండో స్థానమే దక్కింది. సంతకం చేసిన స్కోరు కొట్టినదాని కంటే ఎక్కువైతే అదే ఖాయమవుతుంది. తక్కువైతే పోటీ నుంచే తొలగిస్తారు.